కేవియట్‌లో నాలుగో పేరు

మహబూబాబాద్ కొత్త జిల్లాగా ఏర్పడిన మరుసటి ఎండాకాలం నన్ను అక్కడి సివిల్ కోర్టుకు సూపరింటెండెంటుగా బదిలీ చేశారు. జూనియర్ అసిస్టెంటుగా జనగామలో చేరి, వరంగల్ చుట్టుపక్కల కోర్టులన్నీ తిరిగి, నెరిసిన జుట్టుతో మహబూబాబాద్ స్టేషన్లో రైలు దిగాను. సూపరింటెండెంటు అంటే బయటివాళ్లు పెద్ద హోదా అనుకుంటారు. బెంచీ మీద కూర్చునేది జడ్జి గారు. ఆ బెంచీ దాకా ఏ కాగితం వెళ్లాలో, ఏది వెనక్కి పోవాలో చూసేవాడు సూపరింటెండెంటు. కోర్టు ఫీజు స్టాంపు సరిపోయిందా, సంతకాలు ఉన్నాయా, చిరునామాలు పూర్తిగా రాశారా, జత చేయాల్సినవి జత చేశారా అని చూసి నంబరు వేస్తాడు. లోపం ఉంటే కారణం రాసి వాపసు ఇస్తాడు. కాగితంలోని మాట న్యాయమా, అన్యాయమా అన్నది నా బల్ల దగ్గర తేలే సంగతి కాదు. సర్వీసంతా ఆ గీతకు ఇవతలే ఉన్నాను.

ఆ బల్ల మీదికి వచ్చే కాగితాల్లో కేవియట్ ఒక వింత జాతి. అది దావా కాదు, జవాబు కాదు, అప్పీలూ కాదు. 'ఫలానా వాళ్లు నా మీద దావా వేసి, నాకు తెలియకుండానే స్టే తెచ్చుకునేలా ఉన్నారు. అలా ఎవరైనా వస్తే నన్ను కూడా పిలిచి, నా మాట విన్నాకే ఆర్డరు ఇవ్వండి' అని ముందుగానే కోర్టుకు చెప్పుకోవడం. ఎవరి మీద అనుమానమో వాళ్లందరి పేర్లూ రాయాలి. వాళ్లందరికీ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, ఆ రశీదులు కాగితానికి జత చేయాలి. తొంభై రోజులు దాని ఆయుష్షు. ఆ లోపు ఎవరూ దావా వేయకపోతే దానంతట అదే చచ్చిపోతుంది. ఊళ్లలో దీన్ని 'కేవెట్టు ఏసుడు' అంటారు.

ఈ మాట ఒక లాటిన్ క్రియ అని నాకు జనగామలోనే తెలిసింది. నేను చేరినప్పుడు అక్కడ మున్సిఫ్‌గా ఉన్న పెద్దాయన చిన్నప్పుడు మిషను బడిలో చదివారు. చర్చి ఫాదరు అవుతాడని ఇంట్లోవాళ్లు పంపిస్తే, ఆయన లాటిన్ మాత్రం నేర్చుకుని లా కాలేజీకి పారిపోయారు. మధ్యాహ్నం టిఫిను డబ్బా మూశాక, ఏ రోజు ఏ కేసులు విచారణకు వస్తాయో రాసిన పాత కాజ్‌లిస్టు వెనక్కి తిప్పి, దాని మీద క్రియారూపాలు రాసి నా చేత వల్లె వేయించేవారు. నేను బి.ఏ.లో తెలుగు చదివానని నా మీద ఆయనకు ఒక ఆశ. మిగతా స్టాఫు అప్పటికే చల్లగా జారుకునేవారు.

కవెయో అంటే 'నేను జాగ్రత్తపడతాను'. కవేస్ అంటే 'నువ్వు జాగ్రత్తపడతావు'. కవెట్ అంటే అతడైనా కావచ్చు, ఆమె అయినా కావచ్చు. లాటిన్ క్రియ అక్కడ ఆడామగా తేడా చూడదు. కవేముస్ మనం, కవేటిస్ మీరు, కవెంట్ వాళ్లు. కర్త విడిగా కనబడకపోయినా మన క్రియల్లాగే తోకలో కూర్చుని ఉంటాడు, 'వచ్చాను' అంటే ఎవరు వచ్చారో మళ్లీ చెప్పాలా అనేవారు ఆయన. పని జరిగిపోతే అది కావీ అవుతుంది. అందులోంచే కౌటుమ్ అనే రూపం, ఆ వంశంలోంచే ఇంగ్లీషు వాళ్ల 'కాషన్'. రోము నగరం వాళ్లు ఇంటి గుమ్మంలో 'కవే కనెమ్' అని రాసుకునేవారట, కుక్క ఉంది జాగ్రత్త అని. అది ఆజ్ఞ. మన కోర్టు మాట ఆజ్ఞ కూడా కాదు. కవెట్‌ను కాస్త సాగదీసి కవెయట్ అంటే 'జాగ్రత్తపడుగాక' అని. తెలుగులో ఈ 'గాక' ఇప్పుడు గుళ్లో అయ్యగారి ఆశీర్వచనంలో తప్ప వినపడదు. లాటిన్‌లో కోరుకోవడానికీ అదే రూపం, శపించడానికీ అదే. కవెయమ్, కవెయాస్, కవెయట్, కవెయాముస్, కవెయాటిస్, కవెయంట్. ఇప్పుడు నిద్రలేపి అడిగినా అప్పజెప్పగలను. మా ఆవిడ దీన్ని నా లాటిన్ సంధ్యావందనం అంటుంది.

ఆయన ఒకరోజు అడిగారు: కేవియట్‌లో జాగ్రత్తపడాల్సిన ఆ 'అతడు' ఎవడయ్యా? ఎదుటి పార్టీ అన్నాను. తల అడ్డంగా ఊపారు. కోర్టు అన్నారు. ఒక్క చెవితో విని తొందరపడి ఆర్డరు ఇవ్వొద్దని జడ్జికి చెప్పే మాట అది, ఎదుటివాడిని బెదిరించే మాట కాదు, గుమాస్తాలకు ఈ సంగతి ముందు తెలియాలి అన్నారు. ఆ పాఠం నాకు బాగా నచ్చింది. తరువాత పనిచేసిన కోర్టులన్నిటిలో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను. కొత్త వకీళ్లు నన్ను చూస్తే దారి మార్చేవారని కూడా విన్నాను.

మహబూబాబాద్‌లో ఈ క్రియకు భలే గిరాకీ. ఆ చుట్టుపక్కల ఇల్లు మొదలుపెట్టేవాళ్లు ముగ్గు పోసుడు కంటే ముందు కేవెట్టు వేయడం ఆనవాయితీ చేసుకున్నారు. ముగ్గు పోసుడంటే పునాది తీసే ముందు జాగాలో గదుల కొలతలు గీసి పూజ చేసుకోవడం. ఆ భయం అర్థం లేనిదని అనను. గోతులు తవ్వాక పక్కింటివాడు స్టే తెచ్చాడంటే సిమెంటు గడ్డకడుతుంది, మేస్త్రీ వేరే ఊరి పనికి పోతాడు, వానాకాలం నెత్తి మీదికి వస్తుంది. వకీళ్ల దగ్గర ఒక నమూనా తయారుగా ఉండేది, పేర్లు మార్చుకుంటే చాలు. పక్కింటివాడు, వెనకింటివాడు, దాయాదులు, వాటా అడగగలిగిన ప్రతి ప్రాణి పేరూ అందులో ఎక్కేది. అడిగితే, ఎందుకైనా మంచిది అనేవారు.

రవీందర్ కేసముద్రం మార్కెట్ యార్డులో అడ్తిదారు. రైతులు తెచ్చిన మక్కజొన్నలు, మిర్చి, పత్తి వ్యాపారులకు అమ్మించే పని. కాస్త భూమి, ఊళ్లో మాట చెల్లుబాటు ఉన్న కుటుంబం. తండ్రి పోయాక పాత పెంకుటిల్లు విప్పి స్లాబు ఇల్లు కట్టాలనుకున్నాడు. పక్కింటివాడితో గోడ హద్దు దగ్గర మాటా మాటా వచ్చింది. అతను స్టే తెస్తాడేమోనని భయం పట్టుకుంది. మహబూబాబాద్‌లో ఒక వకీలు దగ్గరికి వెళ్లాడు.

అక్కడ జరిగింది తరువాత రవీందరే నాకు చెప్పాడు. పక్కింటాయన పేరు, ఇద్దరు దాయాదుల పేర్లు రాసుకున్నాక వకీలు సాబ్, వాటాకొచ్చేవాళ్లు ఇంకెవరున్నారని అడిగాడట.

“అక్కున్నది సార్. గని మా అక్క అసొంటిది గాదు” అన్నాడట రవీందర్.

చట్టప్రకారం ఆడపిల్లకు సమాన వాటా ఉంది, ఆవిడ ఊరుకున్నా రేపు మీ బావ ఊరుకుంటాడా, ఎందుకైనా మంచిది అని వకీలు నాలుగో పేరు కూడా రాయించాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది. పెన్సిలుతో టిక్కు పెట్టిన చోటల్లా రవీందర్ సంతకం చేసి యార్డుకు వెళ్లిపోయాడు. అప్పుడు మిర్చి సీజను, యార్డులో ఊపిరాడని పని.

ఆ కేవియట్‌ను వకీలు గుమాస్తా నా బల్ల మీద పెట్టాడు. స్టాంపు సరిపోయింది. నాలుగు పోస్టు రశీదులూ ఉన్నాయి. నాలుగో ప్రతివాది: సులోచన, మహదేవపూర్ మండలంలో ఒక పల్లె, కేవియట్ వేసినవారికి స్వయానా అక్క. ఆ వరస నా కంటికి తగిలింది. అక్కాచెల్లెళ్ల మీద కేవియట్లు నాకు కొత్త కాదు, తగాదా నడిచే ఇళ్లలో అవి మామూలే. ఇక్కడ మాత్రం ఆమెతో తగాదా ఉన్నట్టు ఒక్క ముక్క లేదు. అయినా కాగితం సక్రమంగా ఉంది. వాపసు ఇవ్వడానికి కారణం లేదు, లేని కారణం పుట్టించే అధికారం నాకు లేదు. నంబరు వేసి పక్కన పెట్టాను.

కొన్ని వారాల తరువాత ఒక మధ్యాహ్నం యాభైకి దగ్గరపడిన ఒకామె మా ఆఫీసు గుమ్మంలో నిలబడింది. గోదావరి ఒడ్డు పల్లె నుంచి బయలుదేరి, భూపాలపల్లిలో ఒక బస్సు, హనుమకొండలో ఒక బస్సు మారి వచ్చానంది. ఎరువుల దుకాణం వాళ్లిచ్చిన సంచిలోంచి రిజిస్టర్డ్ కవరు తీసింది. చింపిన అంచును దారంతో కట్టుకుని తెచ్చింది. పేరు చదవగానే నాలుగో ప్రతివాది అని గుర్తుపట్టాను.

ఆ కవరును పోస్టుమాను కిరాణా దుకాణం దగ్గర పదిమంది ముందు ఆమె చేతికిచ్చాడట. డిగ్రీ చదివిన ఒకతను విప్పి చూసి, పైన తమ్ముడి పేరు, కింద ఈమె పేరు, మధ్యలో 'వర్సెస్' అని చదివి, నీ మీద నీ తమ్ముడు కోర్టుకు పోయిండని తేల్చాడు. ఇంటికి పోతే అత్త, తల్లిగారింటి ముచ్చట్లు మస్తు చెప్తుంటివి గద అంది.

“సారు, నేనేం తప్పు జేసిన్నని రాసిండో జర సదివి చెప్పుండ్రి” అంది సులోచన.

కోర్టు సిబ్బంది న్యాయ సలహా ఇవ్వకూడదన్నది మా నిబంధన. కాగితం ఏమిటో మాత్రం చెప్పవచ్చు. కుర్చీ వేయించి, మంచినీళ్లు తెప్పించి, నెమ్మదిగా చెప్పాను. ఇది కేసు కాదమ్మా. నీ మీద నేరం ఏమీ మోపలేదు. నువ్వు కోర్టుకు రానక్కరలేదు, జవాబు ఇవ్వనక్కరలేదు. ఆమె ముఖం తేటపడింది. కొంగుతో మెడ తుడుచుకుని నీళ్లు తాగింది. ఆ తరువాత, కేసు కాకపోతే మరి ఇదేంది అని అడిగింది.

నాకు ఉత్సాహం వచ్చింది. ఇది పాతకాలపు రోము భాషలో మాట అనీ, 'జాగ్రత్తపడుగాక' అని దాని అర్థమనీ చెప్పాను. ఎవలు జాగ్రత్తపడాలె అని అడిగింది. మా మున్సిఫ్ గారు అడిగిన ప్రశ్నే. అందరూ అనుకున్నట్టు ఎదుటి మనిషి కాదమ్మా, కోర్టు జాగ్రత్తపడాలి, మీ తమ్ముడు జాగ్రత్త చెప్పింది నీకు కాదు, జడ్జి గారికి అని వివరించాను. ఆమె చివరిదాకా శ్రద్ధగా విన్నది.

“కోర్టుకు జాగ్రత్త చెప్పింది నా గురించే గద సారు” అంది.

కనీసం ఊరట కలుగుతుందని, ఇది ఎల్లకాలం ఉండేది కాదు, తొంభై రోజులు దాటితే దానంతట అదే పోతుందని చెప్పాను.

“అంటే గన్ని దినాలు నేను దొంగను. ఆ తెల్లారి నుంచి మంచిదాన్నయితనా?”

పక్క బల్ల దగ్గర టైపిస్టు చేతులు ఆపేసింది. సులోచన గొంతు పెంచలేదు. కవరును మళ్లీ దారంతో కడుతూ, తనలో తాను అనుకున్నట్టుగా అంది: “కేసు ఏసిండంటే కోపమొస్తుండె. పోయి నాలుగు మాటలంటుంటి, ఏడుస్తుంటి, ఒడిసిపోతుండె. గిదానికి ఏమనాలె? నా తమ్ముడు నన్ను జూసి భయపడ్డడు.”

వెళ్లే ముందు, ఆ ఇంటి జాగ రాతకోతలు ఏ రిజిస్ట్రారు ఆఫీసులో జరుగుతాయని అడిగింది. దస్తావేజులు చూసుకుంటుందేమో, కొడుకులతో మాట్లాడి వాటా అడుగుతుందేమో అనుకుని చెప్పాను. వకీలు చెప్పిందే నిజమవుతుందని నాకు దిగులేసింది. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆ వకీలు కనబడితే, మీ కేవియట్‌లో నాలుగో మనిషి వచ్చి వెళ్లింది, మీ పార్టీని ఒకసారి వెళ్లి ఆమెకు కనబడమని చెప్పండి అన్నాను. ఆయన నవ్వేశాడు. కేవియట్ కేసు కాదని మీరే గదా సూపరింటెండెంటు గారూ అందరికీ పాఠం చెప్తారు, ఆడవాళ్లకు ఈ బాధ రెండు రోజులు ఉంటుంది, తరువాత మర్చిపోతారు అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ పూట ఆయన చేతిలో ఇంకో నాలుగు కేవియట్లు ఉన్నాయి.

గోడలు లింటెలు దాకా లేచిన రోజుల్లో, అక్క కోర్టుకు వచ్చి నాతో మాట్లాడి వెళ్లిందని వకీలు చెబితే, రవీందర్ మొదటిసారి నా దగ్గరికి వచ్చాడు. మనిషి పరేషాన్‌గా ఉన్నాడు. అతని చేతిలో ఒక రిజిస్టర్డ్ పత్రం ఉంది. హక్కు విడుదల పత్రం. సులోచన తన ఊరి సాక్షులిద్దరిని వెంటబెట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చి, తండ్రి ఇంటి జాగలో తనకున్న హక్కును తమ్ముడి పేరున వదులుకుంటున్నానని రాసి రిజిస్టరు చేయించింది. అంత దూరం వచ్చిన మనిషి తమ్ముడి ఇంటి వైపు తొంగిచూడలేదు. పత్రాన్ని అతనికి రిజిస్టర్డ్ పోస్టులో పంపింది.

మా ప్రాంతంలో ఎంతోమంది అన్నదమ్ములు అలాంటి పత్రం కోసం ఏళ్లకేళ్లు కోర్టు మెట్లు ఎక్కిదిగుతారు. రవీందర్‌కు అది అడగకుండా వచ్చింది. దాన్ని నా బల్ల మీద పెట్టి, ముట్టుకోవడానికి కూడా ఇష్టం లేనట్టు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

“నాకొద్దు సార్ ఇది. దీన్ని వాపస్ ఇచ్చే తొవ్వ ఏదన్న ఉన్నదా?”

సలహా ఇచ్చే అధికారం నాకు లేదు, మీ వకీలునే అడుగు అన్నాను. వకీలు చట్టం ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. సగం జాగను అక్క పేరున దానపత్రం రాయవచ్చు, అయితే తీసుకునేవాళ్లు ఒప్పుకుంటేనే దానం చెల్లుతుంది, ఒప్పుకున్నట్టు ఆమె సంతకం కావాలి. రవీందర్ ఫోను చేశాడు. నాకు ఇల్లున్నది తమ్మీ, నీ పని నువ్వు జేసుకో అని పెట్టేసిందట. కోపంగా కాదు, మామూలుగానే.

ఇల్లు పూర్తయ్యాక అతను రెండోసారి వచ్చాడు, గృహప్రవేశం కార్డు ఇవ్వడానికి. కక్షిదారుల ఇళ్లలో శుభకార్యాలకు మేం వెళ్లకూడదు, ఆ సంగతి చెప్పి కార్డు మాత్రం తీసుకున్నాను. అతను లేవలేదు. భార్యను వెంటబెట్టుకుని అక్కను పిలవడానికి వెళ్లొచ్చానని చెప్పాడు.

ఇక్కడ మా దగ్గరి ఒక ఆచారం చెప్పాలి. పెళ్లయిన ఇంటి ఆడపిల్లకు, అంటే మా మాటలో ఆడబిడ్డకు, తల్లిగారింట్లో ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవిక బట్ట ఆమె కొంగులో పోసి, చీర పెట్టి సాగనంపుతారు. ఆమె ఆ బియ్యాన్ని అత్తగారింట్లో వండి నలుగురికీ పెడుతుంది. కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు అక్కాచెల్లెళ్లకు ఒడిబియ్యం పోయనివాడిని మా ఊళ్లలో మనిషి కింద లెక్కపెట్టరు. పోసేవాడి గౌరవం ఎంతో, ఒడి పట్టే ఆడబిడ్డ గౌరవం అంతకన్నా ఎక్కువ. ఈ ఇంట్లో నాకింకా చోటుంది అని ఊరికి చెప్పుకోవడం అది.

“అన్నం పెట్టింది సార్. చేపల పులుసు వండింది. నా పిల్లలను పేరు పేరున అడిగింది” అన్నాడు రవీందర్. “తిట్టుతదేమో, తిట్టించుకుందాం అని పోయిన. ఒక్క మాటనలే. గదే నాకు భయమైంది.”

గృహప్రవేశానికి రమ్మంటే నవ్విందట. ఒడిబియ్యం పోసుకుంటం వదినా, నువ్వు రాకుంటే ఎట్ల అని అతని భార్య కాళ్లు పట్టుకున్నంత పని చేసిందట. అప్పుడు సులోచన అన్న మాటను రవీందర్ నా ముందు ఉన్నదున్నట్టు అప్పజెప్పాడు: “అక్కడ నాకేం లేదని సర్కారు కాగితం మీద రాసిచ్చిన గద తమ్మీ. ఏం లేని ఇంటికాడ ఒడి ఎట్ల పట్టాలె?”

తప్పు ఒప్పుకున్నావా అని అడిగాను. ఒప్పుకున్నానన్నాడు. వకీలు రాయమంటే రాసిన అక్కా, నాకు ఇంగ్లీషు రాకపాయె అని చెప్పాడట. ఆ మాట వినగానే ఆమె లేచి గిన్నెలు తీయడం మొదలుపెట్టిందట. ఇంగ్లీషు రాకపోయినా అక్క పేరు చెప్పింది తన నోటితోనే అని అతనికి తెలుసు, ఆమెకూ తెలుసు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం సార్ అని అతనే అన్నాడు. చేతి రుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు. కోర్టులో పనిచేసినన్నాళ్లూ నా ముందు ఏడ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. గెలిచి, ఆస్తి మొత్తం చేతికొచ్చి ఏడ్చినవాడు ఇతనొక్కడే.

పాలు పొంగించడానికి బాబాయి కూతురిని పిలిపించుకున్నారని విన్నాను. ఏ పక్కింటివాడికి భయపడి ఇదంతా మొదలైందో అతను కోర్టు గడప తొక్కనే లేదు. గోడ హద్దును ఇద్దరూ టేపు పెట్టి కొలుచుకుని, కుర్చీలేసుకుని తేల్చుకున్నారట. కేవియట్‌కు గడువు తీరింది. గడువు తీరినవాటిని కట్టగట్టి రికార్డు గదికి పంపే రోజు దాని మీదా నేనే సంతకం చేశాను. కోర్టు లెక్క ప్రకారం ఆ కేవియట్ వల్ల ఏమీ జరగలేదు. ఎవరూ దావా వేయలేదు, ఏ ఆర్డరూ రాలేదు. నా సర్వీసులో నేను సంతకం పెట్టిన కాగితాల్లో ఇంత అబద్ధమైనది ఇంకోటి లేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

నా ఆఖరి పోస్టింగు భూపాలపల్లి. బొగ్గు గనుల ఊరు కాబట్టి అక్కడి కోర్టులో వారసత్వం సర్టిఫికెట్ల పని ఎక్కువ. ఒకరోజు ఆవరణలో నోటరీ దగ్గర నిలబడి ఉన్న సులోచన నన్ను గుర్తుపట్టి, దండం సారు అంది. కూతురి సర్టిఫికెట్లో ఇంటిపేరు తప్పు పడితే అఫిడవిట్ కోసం వచ్చిందట. కాస్త చిక్కింది, అంతే. వేపచెట్టు కింది టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. నేనే కదిపాను. తమ్ముడింటికి ఎప్పుడైనా వెళ్లావా అమ్మా అని అడిగాను.

“పోలే సారు. ఇల్లు మంచిగ కట్టిండట. నా బిడ్డ ఫోన్ల ఫోటోలు సూపిచ్చింది. దర్వాజ పాతదే పెట్టిండు, మా నాయిన చేపిచ్చింది. అది సూసి సంతోషమైంది.”

సంతోషమైందని చెప్తున్న మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లయింది కదా, ఒక్కసారి వెళ్లిరా అన్నాను. అది సలహాయే. ఆ వయసులో, ఆ చెట్టు కింద, నిబంధన నన్ను ఆపలేదు.

ఆమె టీ గ్లాసు బెంచీ మీద పెట్టింది. తరువాత, ఎవరి మీదా నెపం పెట్టని గొంతుతో అంది: “ఆ కాగితం పంపకముందు ఒక్కపారి ఫోన్ జేసి, అక్కా, వకీలు నీ పేరు గూడ అడుగుతుండు, రాయనా అంటే, నేనేమంటుంటి సారు? రాసుకో తమ్మీ అంటుంటి. నీ ఇల్లు మంచిగ లేస్తదంటే నా పేరు నాలుగు సార్లు రాసుకో అంటుంటి.”

మహదేవపూర్ బస్సు వచ్చింది. ఆమె కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

పదవీ విరమణ తరువాత జనగామలో ఉంటున్నాను. ఇల్లు కట్టబోయేవాళ్లు, పాత పరిచయంతో, కేవెట్టు వేయాలా వద్దా అని అడగడానికి వస్తుంటారు. వేసుకోండి అనే చెప్తాను, చట్టం ఇచ్చిన రక్షణను వద్దనడానికి నేనెవరిని. క్రియ అర్థం మాత్రం ఇప్పుడు ఎవరికీ చెప్పడం లేదు. ఇంకొక్క మాట చెప్పి పంపిస్తాను. నోటీసు పోస్టులో వేయమని చట్టం అడుగుతుంది. పోస్టులో వేసే ముందు ఆ మనిషి ఇంటికి వెళ్లి చెప్పమని అడగదు. ఆ పని మీరే చేయాలి. ఎదురుగా కూర్చుని చెప్పడానికి మీకు నోరు రాని పేరు ఏదైనా ఉంటే, ఆ పేరు రాయించకండి.